అర్ధరాత్రి వచ్చినా అన్నం ఉన్న ఇల్లు

గోదావరి జిల్లాల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకు విస్తరి వేసే ఇల్లాలు ఒకావిడ ఉంటే, ఊరివాళ్లు ఆవిణ్ణి "మా ఊరి డొక్కా సీతమ్మ" అంటారు. డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. నూరేళ్లు దాటిపోయినా ఆ పేరు ఇంకా జనం నోళ్లలో నానుతూనే ఉంది. ఇవాళ ఆవిడ గురించి చెప్పుకుందాం.

ముందే ఒక మాట మనవి చేస్తాను. సీతమ్మగారి కథ చెప్పేవాళ్లలో చాలామంది ఆవిణ్ణి సాక్షాత్తూ అన్నపూర్ణాదేవి అంటారు. ఆ భక్తిని నేను కాదనను. చిన్నప్పుడు మా అమ్మ కూడా నాకలాగే చెప్పింది. కానీ దేవత అనేస్తే ఆ ఇంట్లో జరిగిన పని మనకు కనిపించకుండా పోతుంది. దేవతకు చెయ్యి కాలదు. దేవత బియ్యం చెరగక్కర్లేదు, తడి కట్టెలతో కుస్తీ పట్టక్కర్లేదు, అందరూ తిన్నాక అడుగంటిన గుండిగ తోమించుకోనక్కర్లేదు. సీతమ్మగారికి ఇవన్నీ ఉన్నాయి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి కన్నుమూసేదాకా, ఏళ్ల తరబడి, ఒక పూట తరవాత ఒక పూట ఉన్నాయి. ఆ కష్టం గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. ఆకలన్నవాడికి లేదనకుండా పెట్టే ఇల్లు కాబట్టి ఊళ్లో ఆ తండ్రిని బువ్వన్నగారు అని పిలుచుకునేవారట. తల్లి త్వరగా పోవడంతో ఆ ఇంటి పని చిన్న వయసులోనే సీతమ్మగారి మీద పడిందని చెబుతారు. అంటే వచ్చినవాళ్లకు వండి వడ్డించడం ఆవిడ ఎక్కడో నేర్చుకుని మొదలుపెట్టిన వ్రతం కాదు. పుట్టింట్లోనే చేతికి అబ్బిన పని.

ఆ కాలాన్ని కూడా కాస్త తలుచుకోవాలి. ఆవిడ పుట్టడానికి రెండేళ్ల ముందు, 1839లో, కోరంగి రేవును తుపాను ఊడ్చేసింది. అంతకు కొన్నేళ్ల ముందు, 1832, 33 సంవత్సరాల్లో వచ్చిన కరువు గుంటూరు సీమలో లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యేసరికి, అంటే 1847 నాటికి, సీతమ్మగారికి ఆరేళ్లు. ఆనకట్ట 1852లో పూర్తయింది. కాబట్టి ఆవిడను పెంచిన తరం అన్నం దొరకని రోజుల్ని కళ్లారా చూసిన తరం. కాలవలు వచ్చి, చేలు పచ్చబడి, గాదెల్లో గింజ నిలవడం మొదలైనప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా మారారు. కొందరు మేడలు కట్టారు. కొందరు ఇంకో నాలుగు ఎకరాలు కొన్నారు. సీతమ్మగారి అత్తవారి ఊరు గన్నవరంలో ఒక ఇల్లు మాత్రం గాదె తలుపు తీసి పెట్టింది.

ఆ గన్నవరం సంగతి చెప్పాలి. ఊరు ఎక్కడుందో తెలిస్తేనే ఆ ఇంటికి అంతమంది ఎందుకు వచ్చేవారో అర్థమవుతుంది.

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. ఈ రెంటి మధ్య నేలే కోనసీమ. వశిష్ఠ నుంచి వైనతేయ అనే పాయ విడిపోయి కోనసీమను మళ్లీ రెండు చేసి సముద్రంలో కలుస్తుంది. ఆ చీలికకు దగ్గర్లోదే లంకల గన్నవరం. ఇప్పుడది పి.గన్నవరం మండలంలో ఉంది. అమలాపురం వైపు నుంచి రాజోలు వైపు పోవాలన్నా, వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ఉన్న అంతర్వేది నరసింహస్వామి దగ్గరికి పోవాలన్నా ఏరు దాటాలి, ఆ దారుల్లో ఇదొకటి.

ఏరు దాటడమంటే ఇవాళ వంతెన మీద రెండు నిమిషాల పని. అప్పుడు పడవ అవతలి ఒడ్డున ఉంటే ఇవతల కూర్చోవాల్సిందే. గాలి ఎదురైతే రేవు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. వరదొచ్చిందంటే రోజులకు రోజులు ఆగిపోవాలి. దారిలో హోటళ్లు లేవు. సత్రాలు ఎక్కడో పెద్ద ఊళ్లలో, పుణ్యక్షేత్రాల్లో ఉండేవి. వాటిలోనూ ఫలానా కులంవాళ్లకే అన్న కట్టుబాట్లు ఉండేవి. నడిచేవాళ్లు మూటలో అటుకులో, పేలపిండో కట్టుకుని బయలుదేరేవారు. మూట ఖాళీ అయితే ఇక ఆ ఊళ్లో ఎవరో ఒకరు పెట్టాలి. పెళ్లివారు, యాత్రికులు, పండితులు, వాళ్ల పల్లకీలు మోసే బోయీలు, బళ్లు తోలేవాళ్లు, కోతలకు పోయే కూలీలు, వీళ్లందరూ ఆ దారిన పోయేవాళ్లే. ఆకలి అందరిదీ ఒకటే కాబట్టి అందరూ ఆ గడప ఎక్కారు.

సీతమ్మగారి భర్త జోగన్నగారు ఆ ఊళ్లో భూమి ఉన్న రైతు, చదువుకున్న మనిషి. ఒకసారి ఏదో పనిమీద వెళ్లి వస్తూ మండపేటలో భవానీశంకరంగారింట భోజనానికి ఆగారట. అక్కడ ఆ పిల్ల తిరుగుతూ వడ్డించే తీరు చూసి, ఈ పిల్లే మా ఇంటికి తగిన ఇల్లాలు అనుకుని సంబంధం అడిగారట. పెళ్లయ్యాక సీతమ్మగారు లంకల గన్నవరం వచ్చారు. ఇక అక్కణ్ణించి ఆ ఇంట పొయ్యి ఆరలేదంటారు. చందాలతో నడిచిన సత్రం కాదది. సొంత పొలం మీద పండిన పంటతో నడిచిన ఇల్లు.

పొయ్యి ఆరలేదనే మాట మనం చాలా సులువుగా అనేస్తాం. కొంచెం ఆగి లెక్క వేసి చూద్దాం.

మన పాత కొలతల్లో కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. అంటే కుంచానికి పదహారు సోలలు. రోజంతా నడిచి వచ్చిన మనిషి కడుపునిండా తినాలంటే సోలెడు బియ్యం పడుతుంది. ఒక పూట ముప్పై ఇద్దరు వచ్చారనుకోండి, రెండు కుంచాల బియ్యం. ఒక పెళ్లి బృందం వస్తే ఆ మాత్రం మంది ఉంటారు. అప్పుడు రైసుమిల్లు లేదు. రెండు కుంచాల బియ్యం కావాలంటే రమారమి నాలుగు కుంచాల ధాన్యం ఎండబోసి, రోట్లో పోసి, ఇద్దరు ఆడవాళ్లు ఎదురుబొదురుగా నిలబడి రోకళ్లతో దంచాలి. ఊక చెరగాలి. మళ్లీ దంచాలి. తవుడు తీయాలి. నూకలు వేరు చేయాలి. మట్టిబెడ్డలు ఏరాలి. ఇదంతా అయ్యాక చేటలో మిగిలినవి ఒక్క పూట బియ్యం. రాత్రికి మళ్లీ మొదలు.

బియ్యం ఒక్కటే అయితే బాగానే ఉండును. కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, తిరగలి విసిరితే పప్పవుతుంది. చింతపండు పిక్క తీసి, ఉప్పు కలిపి, ఏడాదికి సరిపడా కుండల్లోకి ఎత్తాలి. వేసవిలో నాలుగు వారాలు మామిడికాయతోనే సరిపోతుంది. ఆ జాడీలు నిండితేనే వానాకాలంలో వేళకాని వేళ వచ్చినవాడికి అన్నంలోకి నంజుకోవడానికి ఏదైనా ఉంటుంది. పాడి ఉండాలి, పాలు తోడుపెట్టాలి, తెల్లవారుజామున చిలకాలి, ఎందుకంటే ఎండన పడి వచ్చినవాడు ముందు అడిగేది మజ్జిగ. కోనసీమ కాబట్టి అరిటాకుకూ కొబ్బరికీ కొదవ లేదు. కందా, పనసా, అరటి దూటా పెరట్లో దొరుకుతాయి. కానీ దూట తరగడం, పనసపొట్టు కొట్టడం ఎంతసేపు పడతాయో చేసినవాళ్లను అడగండి. చేతులకు అంటిన జిగురు పోవడానికే నూనె రాసుకుని కూర్చోవాలి.

ఇంకా వంట చెరకు సంగతి ఉంది. ఆషాఢం రాకముందే కట్టెలు, కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు తడవని చోటికి చేర్చుకోవాలి. గోదావరి లంకల్లో వానాకాలమంటే మామూలు వాన కాదు. కింద నుంచి ఏరు ఉబుకుతుంది, పైనుంచి ముసురు విడవదు. చెమ్మపట్టిన కట్టెలతో గాడిపొయ్యి రాజేసి, గుండిగలో ఎసరు మరిగించడం ఎంత కష్టమో ఈ కార్యక్రమం వింటున్న పెద్దవాళ్లు కొందరికైనా తెలిసే ఉంటుంది. ఆ పొగలో నలభై, యాభై ఏళ్లు ఉన్న మనిషి కళ్లు ఏమై ఉంటాయి, ఊపిరి ఏమై ఉంటుంది? సీతమ్మగారి దానగుణం గురించి వంద కథలు విన్నాను. ఈ పొగ గురించి ఒక్కరూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద కష్టం మరొకటి. ఎంతమంది వస్తారో తెలియకపోవడం. పెళ్లి వంటకు లెక్క ఉంటుంది, ముహూర్తం ఉంటుంది, అయిపోయాక వంటవాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. ఈ ఇంటికి లెక్కా లేదు, ముహూర్తమూ లేదు. పదిమందికి వండితే నలభైమంది రావచ్చు. నలభైమందికి వండిన రోజున వరదొచ్చి పడవలు ఆగిపోవచ్చు. అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి వేడన్నం పెట్టాలంటే అర్ధరాత్రి లేవడం ఒక్కటే చాలదు. పడుకునే ముందే నిప్పుల్ని బూడిదలో కప్పెట్టి ఉంచాలి, అగ్గిపెట్టె ఇంటింటా లేని రోజులవి. నీళ్లు తోడి ఉంచాలి. రేపటి బియ్యం ఇవాళే చెరిగి ఉండాలి. అంటే ఆ ఇల్లాలి బుర్రలో లెక్కలు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి: గాదెలో ఎంత ఉంది, కోతలు ఎప్పుడు, పప్పు ఎన్నాళ్లొస్తుంది, ఏ గేదె ఎండిపోతోంది. ఆ ఇంటికి దేవుడే సాయం చేశాడని, ఇంట్లో సరుకు తరగకుండా చూశాడని చెప్పే కథలు కూడా ఉన్నాయి. నాకు మాత్రం ఆ గాదె వెనక ఒక గొప్ప గృహ నిర్వాహకురాలి తెలివి కనిపిస్తుంది. సరుకు దానంతటది నిలవదు. నిలిచేలా ఎవరో చూడాలి.

వడ్డన గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెట్టడం వేరు, అడిగి పెట్టడం వేరు. మారు వడ్డించేటప్పుడు మొహమాటపడేవాడు ఎవడు, ఇంకా ఆకలిగా ఉండి వద్దంటున్నవాడు ఎవడు అని కనిపెట్టడం ఒక విద్య. నిలబడి వడ్డించే ఆడవాళ్లకు ఆ విద్య తెలుసు. కోనసీమ ఇళ్లలో ఇప్పటికీ "మరికాస్త వేసుకోండి" అంటూ చెయ్యి అడ్డం పెట్టినా వేసేస్తారు చూడండి, ఆ పద్ధతి సీతమ్మగారి వంటి ఇల్లాళ్ల చేతుల మీదుగానే వచ్చింది.

ఇప్పుడు ఆవిడ గురించి ఆ సీమలో తరతరాలుగా చెప్పుకునే రెండు కథలు.

ఒకసారి గోదావరికి వరదొచ్చింది. లంకలో చిక్కుకున్న మనిషి ఒకడు ఆకలికి తాళలేక కేకలు వేస్తున్నాడట. ఆ కేక సీతమ్మగారి చెవిన పడింది. ఆవిడ భర్తతో చెప్పారు. వండిన అన్నం మూటకట్టి ఇచ్చారు. జోగన్నగారు ఆ వరదలోనే పడవ కట్టించుకుని వెళ్లి ఆ మనిషికి అన్నం పెట్టి వచ్చారట. ఆ మనిషి అప్పటి సమాజం ఊరి బయట ఉంచిన కులంవాడని చెబుతారు. ఆ రోజుల్లో, ఆచారం పాటించే బ్రాహ్మణ కుటుంబం వాళ్లు అలాంటి మనిషి కోసం ప్రాణానికి తెగించి ఏరు దాటడం అంటే మామూలు విషయం కాదు. నలుగురూ నాలుగు మాటలు అనే ఉంటారు. ఆవిడ ఆకలి కేక విన్నారు, కులం అడగలేదు. ఆ కథలో నాకు జోగన్నగారు కూడా చాలా ఇష్టం. భార్య చేసే పనికి అడ్డు చెప్పకుండా ఊరుకున్న భర్తలు కొందరు ఉంటారు. ఈయన తెడ్డు పట్టుకుని పడవెక్కాడు. ఆ కాపురం అంత కాలం ఆ పని చేయగలిగిందంటే అందులో ఆయన పాలు కూడా ఉంది. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ పని ఆపలేదు. వైధవ్యంలో ఆడవాళ్లను మూలన కూర్చోబెట్టే కాలం అది. ఆవిడ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

రెండో కథ అంతర్వేది కథ. నరసింహస్వామిని ఒక్కసారి చూసి రావాలని సీతమ్మగారికి ఎన్నాళ్లనుంచో కోరిక. ఎట్టకేలకు వీలు చూసుకుని పల్లకీలో బయలుదేరారు. దారిలో ఒక చోట ఆగినప్పుడు ఎదురుగా వస్తున్న ఒక పెళ్లి బృందం మాటలు వినిపించాయి. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం వచ్చేస్తుంది, అక్కడ సీతమ్మగారింట్లో కడుపునిండా తిందాం అని బుజ్జగిస్తున్నారు. ఆవిడ ఆ మాట విని పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి, వంట చేసి, ఆ పెళ్లివారు గడప ఎక్కేసరికి విస్తళ్లు వేయించి ఉంచారట.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ చేతులెత్తి దండం పెడతారు. దేవుడి దర్శనం కంటే ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే గొప్పదని ఆవిడ నిరూపించింది అంటారు. నిజమే. అయినా ఈ కథ వింటే నాకు గుండె బరువెక్కుతుంది. ఊరంతా తీర్థాలకు వెళుతుంటే వాళ్లకు దారిలో అన్నం పెట్టి సాగనంపిన మనిషి ఆవిడ. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి వెళ్లే జనం, వచ్చే జనం ఎందరికి వడ్డించి ఉంటుందో. తనకని కోరుకున్న ఒక్క ప్రయాణం సగంలో ఆగిపోయింది. ఆవిడ లేకపోతే ఆ ఇంట వంట జరగదని ఆవిడకు తెలుసు. ఆవిడ ఎప్పుడూ ఉంటుందని దారినపోయే పిల్లలకు కూడా తెలుసు. మన ఇళ్లలో కూడా అమ్మమ్మలు, నాయనమ్మలు ఇలాగే కదా, మనవళ్ల పరీక్షలని, కోడలి పురుడని, కోతలని, ఇంటికి చుట్టాలొస్తున్నారని, కాశీ ప్రయాణం వచ్చే ఏటికి, ఆ పై ఏటికి వాయిదా వేసుకుంటూ పోయారు. వాళ్ల త్యాగానికి దండం పెట్టడం మనకు తెలుసు. ఆ పూట గరిటె మనం అందుకుని, నువ్వు వెళ్లి రా అనడం మనకు తట్టలేదు. ఆ పెళ్లివారికి ఆ ఒక్క పూట గన్నవరంలో మరో ఇల్లు అన్నం పెట్టి ఉంటే సీతమ్మగారు స్వామిని చూసి వచ్చేవారు.

ఆవిడ పేరు దొరల దాకా వెళ్లింది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలు 1903 జనవరిలో ఢిల్లీలో దర్బారుగా జరిగాయి. ఆ సందర్భంగా ప్రభుత్వం ఆవిడ సేవను గుర్తించి ప్రశంసాపత్రం ఇచ్చింది. ఆ ఉత్సవాలకు ఆవిణ్ణి సగౌరవంగా పిలిచారని, ఆవిడ రానన్నారని కోనసీమవాళ్లు చెబుతారు. కనీసం ఫోటో అయినా కావాలని అధికారులు వచ్చారట. అందుకూ ఆవిడ ఒప్పుకోలేదు. నేను పేరు కోసం పెట్టడం లేదు నాయనా అన్నారట. చివరికి వచ్చిన అధికారి, ఫోటో లేకుండా వెళితే నా ఉద్యోగం పోతుందమ్మా అని బతిమాలాడట. ఒకరి కూటికి గండి పడుతుందంటే ఆ ఇల్లాలు ఎలా ఊరుకుంటుంది? అప్పుడు కూర్చున్నారట. మనం ఇవాళ చూసే చిత్రంలో తల మీదుగా కొంగు కప్పుకున్న ముసలావిడ ముఖంలో నాకు సంతోషమూ కనిపించదు, గర్వమూ కనిపించదు. పని మధ్యలో పిలిస్తే వచ్చి కూర్చున్న మనిషిలా ఉంటారు.

గన్నవరానికి ఇంకో విశేషం కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర హయాంలో హెయిగ్ అనే ఇంజనీరు అక్కడ వైనతేయ మీద అక్విడక్టు కట్టించాడు. కింద నది, పైన కాలవ. గోదావరి నీళ్లు ఏటి మీదుగా అవతలి నగరం లంకకు వెళతాయి. ఆ లంక చేలు ఆ నీటితోనే పండాయి. దాదాపు నూట యాభై ఏళ్లు పనిచేసి ఆ కట్టడం పాతబడితే, దాని పక్కనే కొత్తది కట్టి, 2000లో ప్రారంభించి, దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. ఈ పేరు పెట్టినవాళ్లను నేను మనస్ఫూర్తిగా అభినందిస్తాను. విగ్రహానికి ఏడాదికి ఒకసారి దండ వేస్తాం. అక్విడక్టు రోజూ పనిచేస్తుంది. దాని మీదుగా నీళ్లు వెళితే అవతల రైతు నారు పోస్తాడు.

ఆవిడ పేరు ఇటీవల మరో చోటికి వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల పిల్లలకు కూడా ఆ భోజనం పెడుతున్నారు. బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన దగ్గర 2003 నుంచి పెడుతున్నారు. అంటే దాదాపు ఒక తరం పిల్లలు ఆ అన్నం తిని పెద్దవాళ్లయ్యారు. పేరు పెట్టడం సముచితం. అయితే ఇక్కడ నేను నా మనసులో మాట దాచుకోలేను.

మా ఊరి బడిలో వంట చేసే అమ్మను నేను చూశాను. పొద్దున్నే వచ్చి బియ్యం కడిగి, గుడ్లు ఉడకబెట్టి, పప్పు ఎనిపి, పిల్లలు తిన్నాక గిన్నెలు తోమి, నేల తుడిచి, సాయంత్రం దారిలో రేపటికి కూరగాయలు కొనుక్కుని వెళుతుంది. ఇవాళ ఎంతమంది పిల్లలు వచ్చారో గంట కొట్టాక గానీ తెలియదు. సీతమ్మగారి పని ఏదని ఎవరైనా అడిగితే నేను ఆమెను చూపిస్తాను. ఆమె అందుకునేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో దాన్ని నెలకు 1000 రూపాయల నుంచి 3000కు పెంచారు. 3000 రూపాయలు! సరుకుల బిల్లు ఆలస్యమైతే కొట్లో అప్పు తన పేరు మీదే రాయించుకుంటుంది. సీతమ్మగారికి సొంత పొలం ఉంది, గాదె ఉంది, అండగా భర్త ఉన్నాడు. ఈమెకు ఇవేవీ లేవు. అయినా రేపు పొద్దున్న పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడేసరికి అన్నం ఉడికి ఉంటుంది. మహనీయురాలి పేరు పథకానికి పెట్టిన చేత్తోనే, ఆ పథకంలో గరిటె తిప్పే ఆడవాళ్లకు బతకదగిన జీతం కూడా ఇవ్వాలి. అది దయ కాదు, బాకీ. ఈ మాట ఆకాశవాణిలో చెప్పే అవకాశం వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లంకల గన్నవరంలో ఆ ఇంటి పని సీతమ్మగారు ఒక్కరే చేసి ఉంటారని కూడా నేను అనుకోను. మడి కట్టుకుని వండే ఇంట్లో పొయ్యి దగ్గర పని మామూలుగా ఇంటి ఆడవాళ్లదే. కానీ ధాన్యం దంచినవాళ్లు ఎవరు? పొద్దున్నే వచ్చి రోళ్ల చుట్టూ చేరి, కూలికింద నూకలో తవుడో కొంగున కట్టుకుని వెళ్లిన ఆడవాళ్లు ఉన్నారు. పొలం దున్నిన పాలేళ్లు ఉన్నారు. అరిటాకులు కోసి కట్టలు తెచ్చినవాళ్లు, గంగాళాలు తోమినవాళ్లు, ఆ వరదలో జోగన్నగారితో పాటు పడవ వేసినవాళ్లు ఉన్నారు. సీతమ్మగారి పేరు నిలవడం న్యాయం. వీళ్ల పేర్లు కథల్లోకి రాలేదు. అందరికీ అన్నం పెట్టిన ఆ ఇల్లాలికి మాత్రం వాళ్లలో ప్రతి ఒక్కరి పేరూ తెలిసే ఉంటుంది. ఎవరింట్లో పసిపిల్ల ఉందో, ఎవరు మధ్యాహ్నం తొందరగా వెళ్లాలో తెలియకుండా అంత పని నడవదు.

శ్రోతల్లో కోనసీమవాళ్లు, ముఖ్యంగా గన్నవరం చుట్టుపక్కల వాళ్లు ఉంటే ఒక మనవి. మీ ఇళ్లలో ముసలివాళ్లు ఎవరైనా, మా ముత్తవ్వ ఆ ఇంటికి దంపుళ్లకు వెళ్లేదట, మా తాత తండ్రి ఆ రేవులో పడవ వేసేవాడట అని చెప్పగా విన్నారేమో గుర్తు చేసుకోండి. విని ఉంటే వాళ్ల పేరు, ఊరు, వాళ్లు ఏ పని చేసేవారో నాలుగు ముక్కలు రాసి మా కేంద్రానికి పంపండి. ఇంట్లో ఇంకా చెప్పగలిగినవాళ్లు ఉంటే ఈ వారంలోనే అడగండి. వచ్చిన పేర్లన్నీ వరసగా ఇదే సమయంలో చదివి వినిపిస్తాం.